నీళ్ళు ఎప్పుడు తాగుతవ్?

పొద్దుగాల మూడుముప్పావుకు లేస్త.
రూంల ఆరుగురం, ఒక్కటే బాత్రూం,
నా వంతు నాలుగ్గొట్టంగ.
అయిదింటికి మువైలా తొవ్వల
ఇరవై ఏడో నంబరు పచ్చ బస్సు.
నేను దాని ఆయాను, గంగమణిని.
నలభై ఒక్క పోరగాండ్లు.
ఎక్కంగ లెక్కవెట్టుడు, దిగంగ లెక్కవెట్టుడు,
నిద్రవోయినోడు ఎవడన్న మిగిలిండా అని
సీట్ల కింద వంగి చూసుడు.

నన్ను నేను లెక్కవెట్టుకోక ఎన్నేండ్లాయెనో.

మూడు నెలలు ముట్టు రాలే.
నాలుగో నెల వచ్చింది, పదహారొద్దులు పోలే.
ఏసీ బస్సుల మెడ ఎనుక మంట లేస్తది,
పెయ్యంత చెమట, ఎంటనే చలి.
డ్రైవర్ ఇఫ్తిఖార్ భాయ్ అద్దంల చూస్తడు,
ఏసీ పెంచుతడు, తగ్గిస్తడు,
ఏమీ అడగడు.
తింటే లావు. తినకున్నా లావు.
మొన్న ఒక పిల్ల పేరు మర్శిన,
దినాం నా పక్కపొంటె కూసుండే పిల్ల.

మా రూంల సత్తెమ్మ అన్నది:
"ఈడు మీద పడుతుందక్కా, గంతే."
గంతేనా?

ఆ పిల్ల తల్లే డాక్టర్ షీజా.
రోల్లా కాడ, మూడో అంతస్తుల,
ప్రకృతి వైద్యం.
పైసలు తియ్యబోతే చెయ్యి పట్టుకున్నది:
"నా బిడ్డను దినాం రెండుసార్లు లెక్కవెడుతవు గదా."
ఆమె హిందీ మలయాళంల నాని ఉంటది,
నా హిందీ తెలుగుల ఎండి ఉంటది.
అయినా అర్థమైంది.

బల్ల మీద అందరికీ ఇచ్చే అచ్చుకాయిదం ఉండె.
చదివి చెప్పింది:
రాత్రి పదింటికి నిద్ర, ఎనిమిది గంటలు.
అవకాడో. బాదాం పాలు.
పూటపూటకు నడక.
రోజుకు మూడు లీటర్ల నీళ్ళు.
నేను నవ్విన.
ఆమె నవ్వలే. కలం మూత తీసింది.

"నీళ్ళు ఎప్పుడు తాగుతవ్?"

నెత్తురు తీసినోల్లు అడగలే గీ మాట,
గోలీలు రాసినోల్లు అడగలే.
ఇంటికాన్నుంచి ఫోన్ చేసేటోల్లు
తిన్నవా అంటరు, తాగినవా అనరు.

తాగనమ్మా, అన్న.
బస్సుల బాత్రూం ఉండదు.
అయిదు నుంచి ఏడున్నర దాక,
మల్ల ఒంటిగంట నుంచి నాలుగు దాక.
తాగితే యాడికి పోవాలె?
నాలిక తడుపుకునుడే,
దూప తీర్చుకునుడు లేదు.

కలం కదిలింది.
మూడు లీటర్లు కొట్టేసింది.
పదింటి నిద్ర కొట్టేసి,
పగటీలి రెండు గంటలు రాసింది,
కండ్లకు నల్లగుడ్డ కట్టుకొమ్మన్నది.
అవకాడో కాడ ఆగి,
"మీ తాన ఏం తింటరు?" అన్నది.
జొన్న అంబలి, పుంటికూర, నువ్వులు.
అవే రాసింది. అవిశెలు ఏంచి పొడి కొట్టుమన్నది.

థైరాయిడ్ గోలీ బంద్ చెయ్యకు,
చాయ్ తోటి మింగకు, నీళ్ళతోటి మింగి గంట ఆగు.
గింత నెత్తురు పోవుడు మంచిది కాదు,
పెద్ద దవాఖానల స్కాన్ తియ్యించు,
అది నా ఆకులు పసర్లతోని అయ్యే పని కాదు, అన్నది.

ఆఖరికి, "నీ ఒంట్ల ఎండ తక్కువుంది."
షార్జాలనా!
అటెనుక చూసుకున్న:
అద్దాలకు తెరలు, నెత్తికి గుడ్డ,
మనికట్టు దాక యూనిఫాం.
నిజమే, ఎండ నా పక్కపొంటె పోతుంది గని
నన్ను ముట్టుతలేదు.

కాయిదం కింద ఇంకో చీటీ రాసింది,
అది నాకు కాదు, స్కూలోల్లకు:
బస్సు ఆయమ్మలకు గేటు కాడి బాత్రూం తాళం తీసి పెట్టాలె.
ఇచ్చి పన్నెండొద్దులాయె.
జవాబింకా రాలే.

ఇయ్యాల ఏడున్నరకు నలభై ఒక్కరు దిగిండ్రు.
బస్సు నీడ దాటి నిలవడ్డ,
మోచేతుల దాక అంగీ మడిచి.
సీసాల అంబలి చూసి ఇఫ్తిఖార్ భాయ్ ఏందన్నడు.
జ్వారీ, అన్న.
బహావల్పూర్ల మా అమ్మ సుత కాస్తుండె, అన్నడు,
ఇన్నేండ్లకు ఆయన చెప్పిన మొదటి ముచ్చట.
సగం పోసిన.
మిగిలిన సగం
ఎవరినీ లెక్కవెట్టకుంట
మెల్లగ తాగిన.