కుర్చీ కిర్రుమన్న చోటు

రిచీ స్ట్రీట్ నుంచి మూడు డబ్బాలు తెచ్చాను, వారం అరువు.
గీత పడితే మీదే అన్నాడు అన్బరసు
బిల్లు వెనక తన నంబరు రాసిచ్చి.

ఒకటి నల్లది, అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది.
ఒకటి వెండిది, దాని గుబ్బ తిప్పితే
పేరిన నేతిలో వేలు పెట్టినట్టు మెత్తగా కదులుతుంది.
మూడోది గాజు బల్బులది.
వెలిగాక దాని మీద చేయి పెట్టి చూసి
అప్పడం కాలుతుందా అని అడిగింది కోమలవల్లి.

అయనావరంలో మే నెల.
చివరి లోకల్ విల్లివాక్కం దాటేదాకా ఆగాలి.
తర్వాత ఫ్యాను కట్టేయాలి.
ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి, పీకిన సంగతి గుర్తుంచుకోవాలి.
మొన్న మర్చిపోయాను. పాలు విరిగాయి.
ఆ లీటరు ఖరీదునీ ఈ పద్దులోనే రాసింది.

మొదట పాట పెట్టను.
ఏమీ పెట్టకుండా గుబ్బ చివరికంటా తిప్పి వింటాను.
పాట లేనప్పుడు ఏం గొణుగుతుందో అదే దాని గుణం.
నల్లది నోరు మెదపలేదు.
వెండిదానిలో రెండిళ్ల అవతల ఎవరో వడియాలు వేయిస్తున్నారు.
గాజుది హుమ్మంటూ ఒకే శ్రుతి పట్టుకుంది,
శ్రుతిపెట్టె అని అమ్మితే కొనేసేవాణ్ణి.

ఆపైన మల్టీమీటరు.
మూడింటినీ ఒకే వోల్టేజీకి తేవాలి, వెంట్రుకవాసి తేడా లేకుండా.
కాస్త గట్టిగా పాడింది
కాస్త బాగా పాడినట్టే ఉంటుంది, చెవికి ఆ బుద్ధి పోదు.
యూనియన్ మీటింగుల్లోనూ ఇదే చూశాను.

చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్, మూడొందల ఓముల మనిషి,
ఫోనుకి తగిలిస్తే మూలుగుతుంది గానీ పాడదు.
కింద చెమట, మెడ దాకా.

పరీక్షకి ఒక పాత వయొలిన్ కచేరీ.
మైలాపూరు హాల్లో ఎవరో చిన్న రికార్డరులో పట్టింది,
వాయించిందెవరో రాసిపెట్టలేదు.
పదకొండో నిమిషంలో కమాను పైషడ్జం మీద నిలబడ్డప్పుడు
ఒక కుర్చీ కిర్రుమంటుంది.
ఎవరో లేవబోయి, లేవకుండా, మళ్లీ కూర్చున్నారు.
నల్లదానిలో ఆ కుర్చీ నా మెడ వెనక.
వెండిదానిలో ఎడమ పక్కన, నాలుగో వరస.
గాజుదానిలో కుర్చీయే లేదు,
హాలంతా అందరూ బుద్ధిగా కూర్చున్నారు.

నోటుబుక్కు నిండింది: విశాలం, పొడి, వెచ్చన, మళ్లీ విశాలం.

కళ్లు మూసుకో, నేను మారుస్తాను, నువ్వు చెప్పు, అంది.
దుప్పటి చాటున టక్కుమని ప్లగ్గు. పన్నెండు సార్లు.
పన్నెండు సార్లూ చెప్పాను, తడుముకోకుండా.
దుప్పటి తీసింది.
చేతికందింది నల్లదే, పీకిందీ పెట్టిందీ దాన్నే, అంది.

ఏమనాలో తోచక హెడ్‌ఫోన్ ఆవిడకే ఇచ్చాను.
పదకొండో నిమిషం.
ఆడమనిషి, అంది.
ఎవరు?
లేవబోయింది. గాజులు గలగలమన్నాయి కదా.
గాజుదానిలోనా, అన్నాను.
కాదయ్యా, గాజులు.

మూడు డబ్బాలూ వరసగా పెట్టి విన్నాను.
ఫోనుతో వచ్చిన తీగ ముక్కతోనూ విన్నాను.
కుర్చీ ఉంది. ఆ పైన ఏమీ లేదు.
ముప్ఫై ఒక్క సంవత్సరాలు కోచ్ ఫ్యాక్టరీలో
రేకులు కొట్టే షెడ్డు నావి ఏం తీసుకుందో
ఏ జీతం చీటీలోనూ రాయలేదు.

ఇంకోసారి పెట్టు, అంది.
మోగిన చోట వేలెత్తుతాను, చూసుకో.
పైషడ్జం వచ్చింది. కుర్చీ వచ్చింది.
వేలు లేచింది.
లేచిన చేతికి గాజులు
మోచేతి వైపు జారాయి.
అవి మోగాయా అని అడగలేదు.

ఫ్రిజ్ ప్లగ్గు పెట్టు, అంది.
అది వినపడింది.