ఆపకుండా నడపండి

ల్యాండర్ దాటేసరికి మసి డెబ్బై ఎనిమిది శాతం.
డాష్‌బోర్డు మీద చిన్న బొమ్మ వెలిగింది,
ఒక గొట్టం, అందులో చుక్కలు,
గొంతులో ఏదో అడ్డం పడ్డవాడి ఎక్స్‌రేలా.

వారమంతా ఈ బండికి పెద్ద పనేం చెప్పలేదు నేను.
పోస్టాఫీసు దాకా, దాణా కొట్టు దాకా,
లాయరు ఆఫీసు ముందు ఇంజిన్ ఆపకుండా
లోపలికి వెళ్లనా వద్దా అని నలభై నిమిషాలు.
ఆరిన్ గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ అన్నాడు:
"జబ్బేం లేదు ట్వైలా.
వేడెక్కేంత పని చెప్పడం లేదు నువ్వు దీనికి."

ఇవాళ చెప్పాను.
వెనక ట్రైలర్లో రెండు గుర్రాలు.
ఒకటి గుడ్డిది. రెండోది దాని కళ్లు.
విడదీస్తే అమ్మనన్నాను, పైన్‌డేల్ ఆయన సరేనన్నాడు.
వాటిని ముచ్చటపడి కొన్నవాడు
ఇప్పుడు రివర్టన్‌లో ఇంకొకరి వంటగదిలో కాఫీ కాస్తున్నాడు.

సౌత్ పాస్ ఎక్కుడు మొదలైంది.
ఎర్రమట్టి లోయ అద్దంలో కిందికి జారిపోతోంది.
గేరు దిగింది, ఇంజిన్ గొంతు బొంగురుపోయింది,
నాలుగు టన్నులు వెనక్కి గుంజుతుంటే
అంకె కదిలింది.
డెబ్బై. అరవై నాలుగు. యాభై తొమ్మిది.
నేనేం నొక్కలేదు, ఏ మీటా తిప్పలేదు.
బరువు లాగే వేడికి
లోపలి మసి తనంత తాను కాలిపోతోంది.
కనుమ మీద గాలి తలుపుని తోస్తుంటే
నలభై ఒకటి చూసి గట్టిగా నవ్వాను.
నవ్వు విని వెనక ఎవరో డెక్కతో ఒకటి తన్నారు.

పైన్‌డేల్లో ఆయన ముందు గుడ్డిదాన్ని దింపబోయాడు.
కాదు, కళ్లు ముందు, అన్నాను.
అంతే. చెక్కు మడిచి
లాయరు కాగితాలున్న అరలో కాదు, జేబులో పెట్టుకుని
తిరిగొచ్చాను.

ఖాళీ ట్రైలర్ ఊరికే ఉండదు.
ప్రతి గుంతకీ వంటింట్లో గిన్నె పడ్డట్టు.

హడ్సన్ దాటాక, మా గేటు ఇంకో రెండు మైళ్లుందనగా
తెర మీద అక్షరాలు:
ఫిల్టరు శుభ్రమవుతోంది. ఆపకుండా నడపండి.
మసి ముప్పై ఆరే!
కానీ ఇన్ని గంటలకోసారి కడుక్కుని తీరాలని
దీని కంప్యూటర్లో ఎవరో ఆచారం రాసిపెట్టారట,
మురికి ఉన్నా లేకపోయినా.
పక్కకి తీసి నిలుపుదామంటే ఆగస్టు గడ్డి, మోకాలెత్తు,
అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తున్నట్టుంది.
బండి కింద గొట్టం కొలిమి.
పోయినేడు గారెట్ వాళ్ల గడ్డివాము అలానే పోయింది.

మా గేటు వచ్చింది.
పోస్టు డబ్బా మీద ఇద్దరి పేర్లూ ఇంకా ఉన్నాయి.
దాటి పోయాను.

అటు పోయే రోడ్డు రివర్టన్‌కి తప్ప ఎక్కడికీ పోదు.
పదిహేడు నిమిషాలు.
కాలే ఇనుము వాసన, అందులో కొంచెం తీపి.
ఊరి నీళ్ల ట్యాంకు కనిపించింది, టైర్ల దుకాణం,
మొదటి సిగ్నల్ లైటు.
వాళ్ల వీధి అక్కణ్నించి రెండో మలుపు.
ఎలా తెలుసని అడగొద్దు.
ఎర్ర లైటు దగ్గర నిలబడ్డాక తెర ఆరిపోయింది.
మసి సున్నా.

ట్రైలర్ తిరిగేంత చోటున్న బంకులో
గుండ్రంగా ఒక చుట్టు చుట్టి మళ్లీ రోడ్డెక్కాను.

మసి కాలుతుంది గానీ బూడిద కాలదన్నాడు ఆరిన్.
అది లోపలే కూర్చుంటుంది.
లక్షన్నర మైళ్లకో ఎప్పటికో విప్పి దులపాలి.
ఆ పనికి ఎంతవుతుందో కూడా చెప్పాడు, మరిచిపోయాను.

మా గేటు ముందరి వంపులో
బ్రేకు మెల్లగా, చాలా మెల్లగా తొక్కాను,
వెనక నిలబడ్డవాళ్లు తూలిపోకుండా.