రొట్టె పిసికిన మాట

బస్సులో 'స్త్రీలకు' అని రాసి ఉన్నా
మేమందరం లేడీస్ సీటనే అంటాం.

ఆ మాట మొదట ధవళేశ్వరం దాకా
గొడుగేసుకుని వచ్చుంటుంది, దొరసానితో.
తర్వాత మిషనాసుపత్రిలో తెల్లకోటు తొడుక్కుంది;
లేడీ డాక్టరంటే మా అమ్మమ్మ లేచి నిలబడేది.
ఆపైన చవకైపోయింది.
లేడీస్ టైలరు, లేడీస్ సైకిలు,
రావులపాలెం కాంప్లెక్సులో
గొళ్ళెం పడని తలుపు మీద జడబొమ్మ.
"కాస్త లేడీలా కూర్చో"
అని తొమ్మిదో తరగతిలో నన్ను కసిరినప్పుడు
మోకాళ్ళు దగ్గరికి లాక్కోవడమే అర్థమనుకున్నాను.

నిన్న నిఘంటువులో దాని పుట్టిల్లు దొరికింది:
రొట్టెకి పిండి పిసికేది.
అంతే.

ఆత్రేయపురంలో దిగి వరహాలమ్మకి చెప్పాను.
బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మండుతోంది.
జయబియ్యం పిండినీళ్ళలో గుడ్డ ముంచి
కుండ మీద ఒక్క లాగు లాగింది.
ఊపిరి తగిలితే చిరిగే రేకు లేచొచ్చింది.
"అయితే నేనూనా అండీ?"
మళ్ళీ తనే,
"మరి ఆవిడ మొగుణ్ణేవంటారండి?"
"లార్డు. రొట్టెకి కాపలా ఉండేవాడు."
"ఆయ్, కాపలాకేవుందండీ,
కుండ చల్లారాకే కదా వస్తాడు."

లెక్కపెట్టకుండా రేకులు పొట్లం కట్టింది.
ఆ వేళ్ళ కొసల్లో గీతలు లేవు.
మొన్న ఆధార్ మిషను
మూడుసార్లు నువ్వు కాదందట.

తిరుగు బస్సు.
లేడీస్ సీట్లో ఒకాయన
నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.
లేపాను.