తొక్కు, పట్టు, ఇడువు

మూడు నెలల సంది
నాకూ ఇలియాస్‌కూ మాటల్లేవు.
భోలక్‌పూర్‌ల ఒకటే రేకుల షెడ్డు,
ఒకటే జాకీ, ఒకటే పానాల డబ్బా,
చాయ్ మాత్రం రెండు హోటళ్లకెల్లి.

లొల్లి గింతే.
సైనిక్‌పురి పళ్ల డాక్టరమ్మ పసుపచ్చ ఆక్టేవియాకు
టర్బో మార్చి మూడొందల గుర్రాలు కట్టినం.
క్లచ్ సామాను కంపెనీదే ఉండనీ అన్నడు వాడు.
ఉండొద్దన్న నేను.
గట్టిగ అనలేదేమో.
ఔటర్ మీద, శంషాబాద్ దిగే కాడ
పెడల్ కిందికి పోయింది,
మళ్ల పైకి రాలే.
ప్లాస్టిక్ సిలిండర్ పొట్ట పగిలింది.
ఎవలకేం కాలే.
ఆమె బండిని క్రేన్ మీద పంపి
ఒక్క మాట గూడ అనకపోయె.
అనాల్సినయన్నీ
మేమే ఒకలనొకలం అనుకున్నం ఆ రాత్రి,
గల్లీ అంతా కిటికీలు తెరిచేటట్టు.

ఇయ్యాల పార్సిల్ వచ్చింది.
లోహపు సిలిండర్లు, పైదొకటి, కిందిదొకటి,
అరచేతిల పెడితే నిద్రపోయే పిల్లంత బరువు.
స్టీలు తీగెలు జడ లెక్క అల్లిన పైపు.
పాత రబ్బరు గొట్టాన్ని ఏళ్ల నడుమ పట్టి సూసిన:
నొక్కినప్పుడల్లా ఉబ్బేదట ఇది,
కాలు పంపిన బలం సగం మధ్యల్నే మింగి
ఏమెరగనట్టు ఉండేదట.
పారేయబుద్ధి కాలే. కిటికీ మీద పెట్టిన.

అన్ని బిగించినంక మిగిలేది గాలి.
బ్రేకాయిల్ నొక్కుడుకు లొంగదు,
ఇక్కడ తొక్కితే అక్కడ ప్లేటు లేస్తది.
గాలి అట్ల గాదు,
సరే సరే అనుకుంట లొంగుతది, పని చెయ్యది.
శనగగింజంత బుడగ చాలు
మూడొందల గుర్రాలను ఆగం చెయ్యనీకి.

దాన్ని తియ్యాలంటే ఇద్దరు గావాలె.
పోరడు నసీరు పది సప్లిమెంటరీ రాయపోయిండు.
ఇలియాస్ షట్టర్ సగం దించి
అట్టముక్క పరుసుకొని బండి కిందికి దూరిండు.
నేను సీట్ల కూసున్న.
కొంతసేపు ఫ్యాను ఒక్కటే మాట్లాడింది.

కిందికెల్లి, ఎవలకో చెప్పినట్టు:
"తొక్కు."
తొక్కిన.
"పట్టు."
పట్టిన. సన్న గొట్టంల సీసలకు బుడబుడ.
"ఇడువు."

నిపిల్ మూయకముందే కాలు లేపిననుకో,
పోయిన గాలే తిరిగి లోపలికొస్తది.
వాడు మూసిండో లేదో నాకు కనబడదు.
నేను పట్టిన్నో లేదో వాడికి కనబడదు.
తొక్కు. పట్టు. ఇడువు.
తొక్కు. పట్టు.
ఎన్ని సార్లో లెక్క తప్పింది.
రాణిగంజ్‌ల బండి మీదికెల్లి పడ్డ ఎడమ మోకాలు
టిక్కు మన్నది ఒకసారి.
గాంధీ దవాఖాన మెట్లు ఆ కాలితోని నేను ఎక్కలే,
ఎక్కించింది వాడి వీపు.

కింద పానా ఆగింది.
"మోకాలా?"
"నువ్వు మూసినవా?"
"మూసిన."
"అయితే నడువనీ."

ఇంకో పదిసార్లకు పెడల్ ఎదురు చెప్పింది.
మెత్తదనం పోయి, కాలికింద
ఎవలో మనిషి ఉన్నట్టు గట్టిగైంది.
మస్తు బరువు.
ఔటర్ మీద డాక్టరమ్మకు ఇది పండుగే,
ప్యారడైజ్ సిగ్నల్ కాడ మాత్రం
ఇద్దర్నీ కలిపే తిడుతది.

ఇలియాస్ బయటికొచ్చిండు,
గడ్డానికి ఆయిలు, భుజానికి అట్ట అంటుకొని.
నా దిక్కు సూడలే.
ఫోను తీసి చాయ్ చెప్పవట్టిండు.
ఎన్ని అన్నడో నాకు ఇనబడలే,
అప్పుడే తాళం తిప్పిన.