నీలం అట్ట పుస్తకం

కేజీహెచ్ కింది గేటుకెదురుగా
ఆరడుగుల వెడల్పు నా జిరాక్సు కొట్టు.
స్కానింగు రిపోర్టులూ రేషన్ కార్డులూ
ఒక్కోసారి మరణ ధ్రువపత్రాలూ
ఈ గాజుపలక మీదే బోర్లా పడుకుంటాయి.
అన్నిటికీ ఒకటే వెలుగు,
ఒకటే ధర, రెండు రూపాయలు.

మూల స్టూలు మీది నీలం అట్ట పుస్తకం మాత్రం
నాది కాదు.

ఒకప్పుడు ఎవరి దయ వారిది.
చర్చి స్త్రీల సమాజానికి తాళం వేసిన డబ్బా,
మసీదు కమిటీకి గుడ్డసంచి,
పూర్ణా మార్కెట్ కలాసీలకు గోనెపట్టా కింద చిల్లర,
రిటైరైన రైల్వే వాళ్లకు రసీదు బుక్కూ రబ్బరు స్టాంపూ,
జాలారిపేట ఆడవాళ్లకు కొంగుముడి.
ఆ వానాకాలం
అల్లిపురంలో ఒకే ఇంటికి నాలుగు బియ్యం బస్తాలు చేరాయి.
గోడవతల ఇంటికి ఒక్కటీ వెళ్లలేదు.
ఆ ఇల్లాలు అడగలేదు, అంతే.
ఆమె ఏమైందో నేనిక్కడ రాయను.
పట్నాయక్ గారు కళ్లజోడు తీసి
చాలాసేపు తుడిచారు.
మర్నాడు ఈ పుస్తకం కొనుక్కొచ్చారు.

కలిశారంటే
ప్రేమగా కలిశారని కాదు.
లెక్కలో నలభై రూపాయలు తగ్గాయని
కరీమున్నీసా బేగం, సూరాడ పోలమ్మ
నెల్లాళ్లు మాట్లాడుకోలేదు.
ముందు ప్రార్థన చేద్దామని మేరీ సుగుణమ్మ అంటే
ఆటో ఎల్లాజీ బయట్నుంచి కేకేశాడు:
"ముందు పేషెంటుని దించనీ తల్లీ,
దేవుడు ఎక్కడికీ పోడు!"
ఆమె నవ్వేసింది. ఆమెన్ అంది.

ఇచ్చేటప్పుడు ఫొటో తీయకూడదు.
ఈ షరతు పెట్టింది
పాస్‌పోర్టు ఫొటోలు తీసి బతికే నేనే.

పోయిన చలికాలం, రాత్రి పదకొండుంపావు.
కంచరపాలెం గుట్ట మీద గ్యాస్ బండ పేలింది.
టైల్స్ పనికెళ్లే గవరయ్యకు
రెండు చేతులూ మోచేతుల దాకా.
ఒకే ఒక్క ఫోను వచ్చింది, కలాసీ మేస్త్రికి.
తర్వాత ఏది ఎవరిదో నాకు సరిగ్గా తెలీదు.
ఆయింట్‌మెంటు డబ్బు మసీదుదనుకుంటా,
పిల్లలిద్దరూ పడుకున్నది చర్చి హాల్లో,
తెల్లారకముందే గుట్టమెట్లు ఎక్కింది మాత్రం
కలాసీల వీపులూ, వాటి మీద
బియ్యం, దుప్పట్లు, ఒక పాత కిరసనాయిలు స్టవ్వు.

కార్డు చూపించమన్నాడు కౌంటర్లో మనిషి.
కార్డు బూడిదైంది.
గవరయ్య భార్య నా కొట్టు ముందు నిలబడి
"మీ దగ్గిరే తీయించాను బాబూ, బడి అడ్మిషనుకి,"
అంది. జూన్‌లోనట.
కంప్యూటర్లో జూన్ అంతా తవ్వాను.
ఎవరెవరి ముఖాలో, ఎవరెవరి వేలిముద్రలో,
సగం వంకరగా స్కానైన బతుకులు.
నాలుగింటికి దొరికింది.
యంత్రం వేడెక్కి, గొంతు సవరించుకుని,
కాలిపోయిన కార్డును
మళ్లీ వెచ్చగా నా చేతిలో పెట్టింది.

ఆ తెల్లవారుజామున
పట్నాయక్ గారు ఇచ్చినవాళ్ల వైపు పేజీలో
గుండ్రటి అక్షరాలతో రాశారు:
జిరాక్సు కొట్టు, రెండు రూపాయలు.
వద్దన్నాను.
లెక్క లెక్కే అన్నారు.

మొన్న వేట నిషేధంలో
పోలమ్మ వచ్చింది, బుట్ట లేకుండా.
పెనిమిటికి పక్షవాతం, నాలుగో వార్డు.
బల్ల మీదకి వంగి
పుస్తకం తనే తిప్పి
ఎప్పుడూ తన పేరుండే పేజీ దాటి
ఎడమవైపు వేలు పెట్టింది.
"ఈసారి ఇటు రాయి."

రాశాను. కరీమున్నీసా బేగం
పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది,
నలభై రూపాయల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పోలమ్మ లేచింది.
గుమ్మం దాకా వెళ్లి ఆగి
కొంగుముడి విప్పి
ఉప్పుతడి ఆరని వంద నోటు
గాజుపలక మీద పరిచింది.
"అటు కూడా రాయి.
ఈ నెల్ది నేనింకా కట్లేదు."