లూజుకి రెండంగుళాలు

కాశీనగర్ బస్టాండు ఎదుట
ఇరవై రెండేళ్లుగా కుట్టుమిషను నాది.
నెలకి రెండు పొద్దులు మాత్రం షట్టరు సగం దించి
సైకిలు మీద నూతుల కొలతకి పోతాను.

జీతం లేదు. ఒక టోపీ ఇచ్చారు,
ముప్పై మీటర్ల టేపు, ఒరియాలో గళ్లు గీసిన రిజిస్టరు.
టేపు చివర బరువుకి
పాత ఇస్త్రీపెట్టె బోల్టు నేనే కట్టాను.

మనుషుల్ని కొలిచిన చెయ్యి ఇది.
టేపు పడగానే పొట్ట లోపలికి లాక్కుంటారు,
పెళ్లికొడుకులైతే ఊపిరే బిగబడతారు.
నుయ్యి అలా కాదు.
ఉన్నదున్నట్టు నిలబడుతుంది, నోరు తెరుచుకుని.

బోల్టు నీటిని తాకినప్పుడు
అయ్యో అనబోయి నాలిక చేసే చప్పుడొకటి.
సుబాసిని గొమాంగో, తొమ్మిదో క్లాసు,
వంగి వింటుంది. "తాకింది కాకా."
ఎర్రరంగు గుర్తు దగ్గర టేపు పట్టి చదువుతుంది.
గట్టు ఎత్తు తీసెయ్యడం నేను మర్చిపోతాను,
తను మర్చిపోదు.

పేడాడ సూర్యం పొలంలో నుయ్యి
జనవరిలో ఐదూ నలభై.
మార్చిలో ఆరూ పది.
మే పదహారున తొమ్మిది దాటింది.

ఆ పొద్దున సూర్యం టీ పట్టుకొచ్చాడు,
మునుపెన్నడూ ఇవ్వనివాడు.
అతని మూడో బోరు కాగితం బ్లాకాఫీసులో ఉంది.
"దర్జీవి గదా బావూ,
ఏ చొక్కాకైనా లూజుకి రెండంగుళాలు వదలవా?
దీనికీ ఓ రెండు మీటర్లు వదిలి రాయి."

టీ మంచిదే. తాగాను.
లూజు వదిలేది ఒళ్లు పెరుగుతుందని, సూర్యం,
ఇది చిక్కిపోతున్న ఒళ్లు —
అందామనుకున్నాను. అనలేదు.
అతని చొక్కాలు రెండు నా దగ్గరున్నాయి, బాకీ కూడా ఉంది.
ఈలోగా సుబాసిని రాసేసింది:
తొమ్మిదీ పదిహేను.

తిరిగొస్తుంటే తవిటమ్మప్ప బిందెతో అడ్డొచ్చింది.
"ఎన్నిసార్లు కొలుస్తావురా నాయనా?
కొలిస్తే ఊరతాయేటి?"
లోతు చెప్పాను.
"ఎంత లోతో నా సేంతాడు చెప్తాది, నువ్వెందుకు?
ఎన్నాళ్లకి సరిపోతాయో చెప్పు."

రిజిస్టరులో ఆ గడి లేదు.
తేదీ, నూతి నంబరు, లోతు, సంతకం.
చివర్న సన్నగా ఇంకో గడి.
ఏం రాయాలక్కడ అనడిగితే
"ఏమైనా రాయొచ్చు" అంది సుబాసిని, ఒరియా చదివి.
తెలుగులోనే రాశాను:
తవిటమ్మ అడుగుతోంది, ఎన్నాళ్లకి సరిపోతాయని.

బ్లాకాఫీసు బాబుకి తెలుగు రాదు.
ఇదేం రాశావని వచ్చే నెల అడుగుతాడేమో.
అడిగితే బాగుణ్ను.