రాత్రి లెక్క

ఆషాఢం మొదట్లో
తల్లిమొక్కల చుట్టూ లేచిన పిలకల్ని
వేళ్లు తెగకుండా విడదీసి
తడిగోనెలో చుట్టి, దొంగసొత్తులా
చంకన పెట్టుకొచ్చింది అమ్మాజీ పిన్ని.

కడియపులంక దాటి కాలవగట్టు దిగితే
నాలుగు కుంచాల కౌలు చెక్క.
పైన వేలెడు ఇసుక, కింద ఒండ్రు.
చామంతి నీళ్లు తాగాలి గానీ
నీళ్లలో నిలబడకూడదు.
"వరి కాదురా ఇది, బురదలో నవ్వడానికి" అంటూ
బోదెలు ఎత్తుగా కట్టించింది.

నెల తిరిగేసరికి జానెడు మొక్క.
ఇక ఎదుగుతుందనుకున్నప్పుడే
పిన్ని బొటనవేలు వచ్చేది.
చిటుక్కున తల తుంచేది.
సాళ్ల చివర కూచుని కళ్లు మూసుకుంటే
సన్నవాన మొదలైనట్టుండేది ఆ చప్పుడు.
తుంచిన చోట నాలుగు కొమ్మలు,
ఆ నాలుగింటికీ మళ్లీ అదే శాస్తి.
"ఒక్క తలతో బతికితే ఒక్క పువ్వే."
ఈ మాట ఆమెకెవరు చెప్పారో
నేను అడగలేదు.

గోరు కింది ఆకుపసరు
కుంకుడుకాయకీ పోలేదు, కిరసనాయిలుకీ పోలేదు.
కూర చేదుగా ఉందని గొణుగుతూనే
బాబాయి రెండోసారి వడ్డించుకునేవాడు.

నా పని రాత్రిది.
చామంతికి కళ్లు లేవు,
చీకటి లెక్క మాత్రం తెలుసు.
రాత్రి పొడుగైందని పసిగట్టిందా
ఇక ఆగదు, మొగ్గ తొడిగేస్తుంది.
ఊరందరి పూలూ కార్తీకంలో ఒక్కసారే విచ్చుకుంటాయి,
కిలో కొత్తిమీర కట్టకన్నా చవక.
మనవి ధనుర్మాసం దాకా ఆగాలి.
అందుకని చేను మీద తీగలు లాగి
ముప్ఫైనాలుగు బల్బులు వేలాడదీసి
పదింటికి వెలిగించి రెండింటికి ఆర్పడం,
అర్ధరాత్రిని నడిమికి విరవడం.
ఇంకా ఎండాకాలమే, తొందరేం లేదని
మొక్కలకి అబద్ధం చెప్పే ఉద్యోగం.
జీతం మూడువేలు. దోమలు ఉచితం.

దూరంగా హైవే మీద పోయే లారీలవాళ్లకి
మా చేను పెళ్లివారి పందిరిలా కనపడేదట.
లోపల పెళ్లీ లేదు, పిల్లా లేదు,
పేనుబంక మందు కంపు, నేను.

ఆశ్వయుజంలో వాయుగుండం.
కాలవ మీద కొబ్బరిచెట్టు తీగల్ని తెంపుకుంటూ పడింది,
ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క నీలిమంటతో మూగబోయింది.
లైన్‌మన్ సూరన్నదొర "రేపు" అన్నాడు.
పదకొండు రేపులు.
పదకొండు రాత్రులు మా చేను
నల్లగా, నిండుగా, అడ్డెవరూ లేక
రాత్రిగానే ఉంది.

కరెంటొచ్చాక బల్బులు వేశాం. ఎవరికి?
ఆకు పంచల్లో అప్పటికే
ఆవగింజంత పచ్చటి గుండీలు.
పిన్ని ఒక మొగ్గని వేళ్ల మధ్య దొర్లించింది.
తుంచుతుందనుకున్నాను.
వదిలేసింది.

కార్తీకం ఆఖరి వారం, తెల్లారగట్ట నాలుగు.
పూలమార్కెట్టులో కాళ్లు పెట్టే చోటు లేదు,
పసుపు మీద పసుపు పోస్తున్నారు.
"కిలో పన్నెండు, ఇష్టమైతే దింపండి"
కమీషన్ కొట్టు వీర్రెడ్డి మొహం ఎత్తలేదు.
ఆరు బుట్టలు దింపాం.
ఏడోది గుమాస్తా కూతురికి
నీళ్లాడించిన వేడుకంటే ఊరికే ఇచ్చింది పిన్ని.

అటునుంచటే రేషన్ డిపో.
మిషను మీద బొటనవేలు పెట్టింది.
ఎర్రలైటు. తుడిచి పెట్టింది. ఎర్రలైటు.
"గీతలు అరిగిపోయాయమ్మా,
ఇంకో వేలు చూడండి."
వరసగా పది వేళ్లూ చూపించింది.
నాలుగు కుంచాల చేలో ప్రతి మొక్కకీ తెలిసిన వేలు,
బియ్యానికి తెలియలేదు.
వెనక ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వింది,
వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

సాయంత్రం పూసిన కొమ్మల్ని
బెత్తెడు ఉంచి కోసేశాం.
మొదళ్లు మళ్లీ పిలకలెయ్యాలి.
బల్బులు విప్పి గోనెలో సర్దుతుంటే అడిగింది:
"ఆ పదకొండు రాత్రులూ నువ్వేం చేశావురా?"
"నిద్రపోయాను పిన్నీ."
"నేనూనూ" అంది,
ఏదో అప్పు ఒప్పుకుంటున్నట్టు.
"ఎన్నాళ్లకో."